ఎల్మీర ఊదిన కొమ్ము

ఎల్మీర గిడ్రీ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె నిజంగా కుందేళ్లు పట్టే మనిషి కూడా. లూసియానాలో ఆ బయూ కాలువ గట్టున, చెరకు తోటల మధ్య, అరవై నాలుగేళ్ల వయసులో తుపాకీ భుజాన వేసుకుని బీగిల్ కుక్కల వెంట నడిచే ఆడది ఆమె ఒక్కతే. ముప్పై ఏళ్లు రొయ్యల షెడ్డులో పనిచేసింది. భర్త పోయినప్పుడు కుక్కను ఎవరికైనా ఇచ్చేయమని చుట్టాలంతా చెప్పారు. ఎల్మీర భర్త పడక్కుర్చీని ఇచ్చేసి, ఆ చోటులో కుక్కకు పరుపు వేసింది.

ఆ కుక్క పేరు టీబో. దాని తోబుట్టువులు, వాటి పిల్లలు అన్నీ ఎల్మీర వరండా కిందే పుట్టి, ఆమె పెదనాన్న కొడుకు ఓవిడ్ మందలో చేరాయి. వేట రోజున టీబో ముందు, ఆ మందంతా వెనక. అలాంటి టీబో ఆగస్టులో దగ్గడం మొదలుపెట్టింది. మూడు మెట్లెక్కి మధ్యలో నిలబడి రొప్పేది.

పశువుల డాక్టరు, పెల్టియే అనే చిన్న వయసు పిల్ల, నిరుడే వచ్చింది. చుక్క రక్తం తీసి పరీక్ష చేసి, గుండెలో పురుగులున్నాయంది.

"దోమ కుడితే వస్తాయివి. నెలనెలా మాత్ర వేస్తున్నారా?"

"వేస్తున్నానమ్మా."

"ప్రతి నెలా?"

ఎల్మీర కిటికీలోంచి బయటికి చూసింది. ఆ కాలువ గట్టున అందరిదీ ఒకటే పద్ధతి. చలి ముదిరి, చుట్టాలంతా కలిసి పందిని కోసి వండుకునే పందికోత పండగ రోజున మాత్రల డబ్బా అలమర పైకెక్కుతుంది, ఈస్టర్ దాటాక దిగుతుంది.

"చలిలో దోమలెక్కడివి తల్లీ?" అంది.

"పోయిన క్రిస్మస్‌కి వరండాలో కూర్చున్నారా?"

"కూర్చున్నా."

"ఎన్ని దోమల్ని కొట్టారు?"

మెడ మీద, మోచేతుల మీద చరుచుకుంటూనే చలికాలంలో దోమలుండవని చెప్పుకునే జాతి అది. ఎల్మీరా అందులో మనిషే. తప్పు ఎవరిదో కాదు, తనది. పైగా నిరుడు ఇదే డాక్టరు పన్నెండు నెలలూ వేయమంటే, "మాకు నేర్పొచ్చావా?" అని నవ్వింది కూడా తనే. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు కాలింది.

"బతుకుతుందా?"

"రెండు నెలలు మాత్రలు. తర్వాత నడుం కండలో ఒక సూది. మరో నెలకి వరసగా రెండు రోజులు రెండు సూదులు. మందు పురుగుల్ని చంపుతుంది. కానీ చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లో పడతాయి. అప్పుడు కుక్క పరిగెత్తిందో, ప్రాణం పోతుంది. గాలిపటంలా ఎగిరే రకం మీది. జనవరి దాకా కదలనివ్వకుండా ఉంచగలరా?"

"నా సంగతి నీకు తెలీదు," అంది ఎల్మీర.

ఓవిడ్ సంగతి మాత్రం ఆమెకు బాగా తెలుసు. మర్నాడే వచ్చి వరండాలో కాఫీ చేతికి తీసుకున్నాడు.

"చెల్లీ, పరిగెత్తని కుక్కకి తిండి దండగ. చిన్నాన్న ఏం చేసేవాడో మర్చిపోయావా? కాలువ కట్ట వెనక్కి తీసుకెళ్లి తుపాకీతో ఒక్క దెబ్బ. నువ్వు చెయ్యలేకపోతే నేను చేస్తా."

మర్చిపోతే కదా. తొమ్మిదేళ్లప్పుడు తన కుక్కను తండ్రి అలాగే తీసుకెళ్లాడు. కట్ట మీద నిలబడి ఆమె ఆ చప్పుడు వింది. ఆ రాత్రి ఆమె కన్నీళ్లు చూసి ఇంటిల్లిపాదీ నవ్వారు. యాభై అయిదేళ్లయినా ఆ నవ్వును ఆమె క్షమించలేదు.

"ఆ కప్పు కింద పెట్టన్నా," అంది.

"ఇంకా తాగలేదే!"

"నా కుక్కను చంపుతానన్న నోటికి నా కాఫీ ఎందుకు? లే."

ఆ రోజు నుంచి టీబో మెడతాడు రెండో కొస ఎల్మీర నడుముకే. వంట చేస్తున్నా, బట్టలారేస్తున్నా, కుక్క ఆమె కాళ్ల దగ్గరే. ఆదివారం చర్చి గుమ్మంలో ఫాదర్ అడ్డుపడితే, "దేవుడికి బయటి నుంచి వినపడదా ఫాదర్?" అని మెట్ల మీదే మోకరిల్లింది. నాలుగు వారాలయ్యాక ఫాదరే తలుపు బార్లా తెరిపించాడు. అక్టోబరులో వేట మొదలైంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఎల్మీర వెళ్లలేదు.

నవంబరులో చివరి రెండు సూదులూ పడ్డాయి. అసలు గండం ఇప్పుడేనని డాక్టరు రెండుసార్లు చెప్పింది. సరిగ్గా పదో రోజు పొద్దున, ఓవిడ్ మంద ఎల్మీర ఇంటి వెనక చెరకులో కుందేలును లేపింది.

తరిమిన కుందేలు తిన్నగా పోదు. చుట్టు తిరిగి లేచిన చోటికే వస్తుంది. అంటే అది చచ్చేదాకా ఆ మంద ఎల్మీర ఇంటి చుట్టూనే అరుస్తూ తిరుగుతుంది. మొదటి అరుపుకే టీబో బాణంలా లేచింది. ఎల్మీర వంటింటి నేల మీద కూలబడి దాన్ని రెండు చేతులా కౌగిలించుకుంది. దాని గుండె ఆమె అరచేతి కింద దడదడలాడుతోంది. అది తన్నుకుంది, గింజుకుంది, జీవితంలో మొదటిసారి ఆమె చెయ్యి కరిచింది. దగ్గు మొదలైంది. నాలుక రంగు మారుతోంది. ఎల్మీరకు భయం వేసింది, నిజంగా భయం వేసింది.

గోడకు తండ్రి కొమ్ముబూర వేలాడుతోంది. ఎద్దుకొమ్ముతో చేసింది. అది ఊదితే వేట అయిపోయినట్టే, ఎక్కడున్న కుక్కలైనా వెనక్కి రావాలి. ఒకడి వేటలో ఇంకొకరు కొమ్ము ఊదడమంటే ఆ గట్టున చెంపదెబ్బ కొట్టడం కన్నా పెద్ద అవమానం. దాని మీద తరాల తరబడి మాటలు మానేసిన కుటుంబాలున్నాయి.

ఎల్మీర కుక్కను ఒక చంకన ఇరికించుకుని, నెత్తురోడే చేత్తో కొమ్ము దించి, కిటికీ దగ్గర నిలబడి ఊపిరంతా పెట్టి ఊదింది.

చెరకులో అరుపులు ఆగిపోయాయి. తన వరండా కింద కళ్లు తెరిచిన కుక్కలు కదా, ఆ కొమ్ము వాటికి తెలుసు. తొమ్మిదీ తోకలాడిస్తూ వచ్చి ఆమె మెట్ల ముందు కూర్చున్నాయి. చంకలో టీబో కూడా మెత్తబడింది. వేట అయిపోయిందని దానికీ అర్థమైంది. కాసేపటికి దాని నాలుక మళ్లీ ఎర్రబడింది. ఎల్మీర గోడకు చేరబడి ఏడ్చేసింది.

ఓవిడ్ మొహం కందగడ్డలా చేసుకుని వచ్చాడు.

"నా వేటలో కొమ్ము ఊదుతావా? ముసలి కుక్క కోసం నా పరువు తీస్తావా?"

"మళ్లీ ఇటు తోలుకొస్తే మళ్లీ ఊదుతా."

"పందికోతకి నా గడప తొక్కకు!"

"తొక్కను. ముందు నీ జోజెట్ సంగతి చూసుకో. దగ్గుతోంది, వినపడట్లేదా?"

మందలోని ఎర్రకుక్క జోజెట్ నిజంగానే మెడ సాచి దగ్గుతోంది.

"చెరకు దుమ్ము," అన్నాడు ఓవిడ్. కుక్కలన్నిటినీ అదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో వేట ముగిసే వారం, జోజెట్ పరుగు మధ్యలో పడి చచ్చిపోయింది. కబురు విని ఎల్మీర పార భుజాన వేసుకుని వెళ్లింది. ఓవిడ్‌తో పాటు గొయ్యి తవ్వింది. చెప్పానా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చినా మింగేసింది. 

జనవరి దాటినా, పరీక్షలో తేలేదాకా ఎల్మీర తాడు విప్పలేదు. ఆగస్టులో టీబో రక్తం మళ్లీ పరీక్ష చేశారు. పురుగు లేదు. డాక్టరు చప్పట్లు కొట్టింది. ఎల్మీర బయటికొచ్చి నడుముకున్న తాడు విప్పి, కట్ట మీద టీబోను వదిలింది. అది పరిగెత్తిన పరుగు చూసి ఆమె గట్టిగా కేకలు పెట్టింది, ఎవరు చూస్తున్నా సరే.

డిసెంబరులో పిలుపు లేకుండానే ఓవిడ్ ఇంటి పందికోతకు వెళ్లింది. పెరట్లో నలభై మంది దాకా ఉన్నారు, ఆమెను చూసి మాటలాపేశారు. మాత్రల డబ్బా అలమర ఎక్కే రోజది. ఎల్మీర నడిమధ్యకు నడిచి, బియ్యం కూరిన సాసేజి ముక్క ఒకటి తుంచి, అందులో మాత్ర కుక్కి, అందరి ఎదుటా టీబో నోటికి అందించింది. తన మెడ మీద వాలిన దోమను అప్పుడే చరిచి, ఆ అరచేతిని అందరికీ తిప్పి చూపించింది.

ఓవిడ్ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చాడు. తల వంచుకుని గొణిగాడు.

"నా ఎనిమిదింటికీ మాత్రలున్నాయా, చెల్లీ?"

"వినపళ్లేదన్నా. గట్టిగా అడుగు. ఇక్కడ అందరికీ కుక్కలున్నాయి."