రోడ్డు మీద మూట విప్పని మా అమ్మ

మష్‌హద్ జియారత్‌కి బయలుదేరే ఆడవాళ్ళు ఇప్పటికీ ప్రయాణానికి ముందు ఒకసారి మా ఇంటికొచ్చి కూర్చుంటారు. ఇరాన్‌లో ఇమాం గారి రౌజా, అంటే సమాధి, ఉన్న ఊరది. ఆ దర్శనాన్నే జియారత్ అంటాం. అక్కడ చలెంత, మన నాలుకకి ఆ తిండి సయిస్తుందా, కుంకుమపువ్వు ఏ కొట్లో కొనాలి, ఇలాంటివన్నీ అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. టాక్సీ ఎక్కాక కాదు, ఎక్కకముందే బేరం తేల్చుకోవాలి. రౌజా బయట ఎవరైనా తమంతట తామే వచ్చి మణికట్టుకి ఆకుపచ్చ దారం కట్టి చెయ్యి వదలకపోతే, మర్యాదగా దారం విప్పి వాళ్ళ చేతిలోనే పెట్టాలి. కుంకుమపువ్వు ఎర్రగా ఉంది కదా అని మురిసిపోకూడదు, మిరపకాయకి రంగు పూసేవాళ్ళని చూసిన ఊరివాళ్ళం మనం. ఇవన్నీ అయ్యాక మా అమ్మ సంగతి చెబుతాను. అక్కడికొచ్చేసరికి నా గొంతు పెద్దదవుతుందని మా ఇంటాయన నవ్వుతాడు. అవనీ.

అమ్మ బడికి వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. అరబ్బీ, ఉర్దూ అక్షరాలు అమ్మ పొయ్యి దగ్గర బొగ్గుముక్కతో దిద్దించింది. తెలుగు మా అబ్బా, అంటే మా నాన్న, పేపరు ముందేసుకుని నేర్పించాడు. అల్లా దయవల్ల అన్నీ వంటబట్టాయి. పద్ధతులు మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అమ్మ చేసేది చూసి నేర్చుకున్నాను.

నా పెళ్ళికి ముందు ఒక ఏడు, కాయ అమ్మే రోజుల్లో అబ్బాకి విషజ్వరం వచ్చింది. కళ్ళం మీద ఎండిన మిరపకాయలు టిక్కీలకెత్తి ఉన్నాయి. టిక్కీ అంటే కాయ కుక్కి కుట్టిన పెద్ద గోనెమూట. గుంటూరు యార్డుకి తోలేవాళ్ళు లేక, అమ్మే పొరుగువాళ్ళ ట్రాక్టరు మాట్లాడి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరింది. గుంటూరు ఇంకా రాకముందే ఒక టీకొట్టు దగ్గర ఇద్దరు మనుషులు ట్రాక్టరు ఆపారు. యార్డు నుంచే వచ్చాం, మచ్చు చూడాలి, మూట విప్పమన్నారు. అప్పట్లో ఇది మామూలే. దారిలో మూట విప్పించి, గుప్పెడు కాయ తీసి, అందులో రంగుపోయిన తాలుకాయ ఒకటి పట్టుకుని, సరుకంతా తాలేనని రైతు గుండె జారేట్టు మాట్లాడతారు. రైతు అక్కడికక్కడే వాళ్ళడిగిన రేటుకి ఇచ్చేసి ఇంటికి పోతాడు. కొన్నిసార్లు మూటే మాయమవుతుంది.

అమ్మ టిక్కీ మీద నుంచి దిగలేదు. "చూడాలంటే యార్డుకి రా నాయనా. అక్కడ నలుగురిలో విప్పుతాను" అంది.

"ఏమ్మా, అడుగున తాలు పెట్టావా ఏంటి, అంత భయం?" అని ఒకడు ఎకసెక్కం చేశాడు.

"తాలైతే అక్కడ కూడా తాలే కదా. రా మరి" అంది అమ్మ.

వాళ్ళు రాలేదు. అమ్మ ఆ సంగతి ఇంటికెళ్ళి ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. అబ్బా ఎలాగూ అంతే చేసేవాడు, అందులో చెప్పేదేముంది అన్నట్టు ఉండిపోయింది.

తర్వాత అబ్బా పోయాడు. అమ్మకి మిగిలిన కోరిక ఒక్కటే, ప్రాణం ఉండగా ఇమాం గారి రౌజా చుట్టూ ఉండే కటకటాల జాలీ పట్టుకోవాలని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో దేవుడు దారి చూపించాడు. మా ఇంటాయనకి లారీ ఉంది, చీమకుర్తి క్వారీల నుంచి మార్టూరు పాలిష్ ఫ్యాక్టరీలకి రాయి తోలేవాడు. రెండేళ్ళు బాడుగలు బాగా దొరికాయి. అమ్మనీ, నన్నూ తీసుకుని తనే బయలుదేరాడు. అల్లుడు అత్తని జియారత్‌కి తీసుకెళ్ళడం మా బంధువుల్లో ఎవరూ చూడలేదు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. వెళ్ళేరోజు పక్కింటి పెద్దమ్మ అమ్మ చేతులు పట్టుకుని, ఆ సామికి నా దణ్ణం కూడా చెప్పమని మరీ మరీ చెప్పింది.

మష్‌హద్‌లో మా బస ఒక సందులో, చిన్న ముసాఫిర్‌ఖానాలో, అంటే యాత్రికుల సత్రంలో. మొదటి రోజు పొద్దున అమ్మ స్నానం చేసి, కొత్త నల్ల చాదర్ కప్పుకుని, మాతో కూడా మాట్లాడకుండా పెదాలు కదుపుతూ బయలుదేరింది. మా ఇంటాయన ముందు నడుస్తున్నాడు. సందు దాటి పెద్దరోడ్డు ఎక్కామో లేదో, తెల్లకారు ఒకటి పక్కకొచ్చి ఆగింది. లోపల ఇద్దరు. ఇటువైపు కూర్చున్నవాడు ఏదో కార్డు ఇలా చూపించి అలా మూసేశాడు.

"పోలీస్. పాస్‌పోర్ట్."

మా ఇంటాయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. నేను ఆయన్ని తప్పు పట్టను. చీమకుర్తి రోడ్డు మీద లారీ తోలే మనిషి. దారిలో ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకి కాగితాలు అందించి, నమస్కారం పెట్టి, పక్కన నిలబడటం ఆయనకి ఏళ్ళ తరబడి అలవాటు. అక్కడ కూడా పాస్‌పోర్ట్ ఇచ్చి నమస్కారం పెట్టాడు. మా ముగ్గురి వీసా కాగితం అందులోనే మడిచి ఉంది. అది పోతే రౌజా మాట అటుంచి, ఇల్లు చేరడమే కష్టం.

వాడు పాస్‌పోర్ట్ తెరిచైనా చూడలేదు. ఒళ్ళో పెట్టుకుని, డాలర్లు, డాలర్లు అంటూ అమ్మ నడుము దగ్గరున్న సంచి వైపు వేలు చూపించాడు. అందులో డబ్బుతో పాటు మా ఇద్దరి పాస్‌పోర్టులు కూడా ఉన్నాయి.

అమ్మ పెదాలు కదపడం ఆపింది. కారు దగ్గరికి వెళ్ళి, అద్దం దించిన కిటికీలోంచి చెయ్యి పెట్టి, వాడి ఒళ్ళో ఉన్న పాస్‌పోర్ట్ కొస పట్టుకుంది. లాగలేదు. ఊరికే పట్టుకుంది. ఏళ్ళ తరబడి తాలుకాయ ఏరిన వేళ్ళవి, పట్టుకుంటే అంత తేలిగ్గా వదలవు.

"ముసాఫిర్‌ఖానాకి రా నాయనా. అక్కడ అందరి ముందూ చూపిస్తాం" అంది, అచ్చ తెలుగులో.

వాడు గట్టిగా ఏదో కసిరాడు. డ్రైవరు కారు కాస్త ముందుకి కదిపాడు. అమ్మ కూడా దాంతోపాటు ఒక అడుగు వేసింది కానీ చెయ్యి తియ్యలేదు.

"అత్తా, వదిలెయ్, పోలీసోళ్ళు" అన్నాడు మా ఇంటాయన, గొంతు తగ్గించి.

"పోలీసైతే దిగి నాలుగడుగులు నడవడానికేం రోగం అల్లుడూ" అంది అమ్మ, తల తిప్పకుండానే.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ముసాఫిర్‌ఖానా అన్న మాట వాళ్ళదీ మనదీ ఒకటే. సందులో వేలాడే బోర్డు వైపు చెయ్యి చూపిస్తూ, ముసాఫిర్‌ఖానా, ముసాఫిర్‌ఖానా అని పెద్దగా అరిచాను. జీవితంలో బజార్లో నేను గొంతెత్తింది అదొక్కసారే. ఎదురుగా రొట్టెల కొట్టు. పిండి చేతులతోనే కొట్టతను బయటికొచ్చాడు. రొట్టెల కోసం నిలబడ్డ ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు. అతను కారు వైపు నడుస్తూ ఏదో అడిగాడు. కారులోవాడు పాస్‌పోర్ట్ వదిలేశాడు. అమ్మ పాస్‌పోర్ట్‌తో చెయ్యి బయటికి తీస్తుండగానే కారు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె మణికట్టు కాస్త గీసుకుపోయింది.

కొట్టతను వాళ్ళు పోలీసులు కాదని తలతో, చేతులతో చెప్పాడు. స్టూలు వేసి అమ్మని కూర్చోబెట్టాడు. వేడి రొట్టె చేతికిచ్చి, వద్దన్నా వినలేదు. పరాయి ఊళ్ళో మనకోసం పని వదిలి వచ్చిన మనిషి. ఆయన పేరు కూడా తెలియదు నాకు, అయినా నమాజులో ఆయన్ని మర్చిపోను.

రౌజాలో ఆడవాళ్ళ వైపు నుంచి లోపలికి వెళ్ళి, ఆ గీసుకుపోయిన చేత్తోనే అమ్మ జాలీ పట్టుకుంది. చాలాసేపు ఏడ్చింది. పెద్దమ్మ దణ్ణం కూడా చెప్పింది, నేను విన్నాను. బయటికొస్తూ అడిగాను, వాళ్ళు నిజంగా పోలీసులే అయ్యుంటే ఏం చేసేదానివని.

"ముసాఫిర్‌ఖానాకి తీసుకెళ్ళి టీ ఇచ్చేదాన్ని. వాళ్ళ పని వాళ్ళది కదా" అంది.

మధ్యాహ్నం గదికి రాగానే మా ఇంటాయన, ముఖం దించుకుని, తన పాస్‌పోర్ట్ కూడా అమ్మ ముందు పెట్టాడు. నీ దగ్గరే ఉంచు అత్తా అన్నాడు. అమ్మ తీసుకోలేదు. చొక్కా విప్పమంది. ముసాఫిర్‌ఖానా ఆవిడని అడిగి సూదీ దారం తెచ్చాను. ఆయన భుజాల మీద తువ్వాలు కప్పుకుని, చిన్నపిల్లాడిలా మంచం అంచున కూర్చున్నాడు. అమ్మ చొక్కా లోపలివైపు ఒక జేబు కుట్టింది. మూటల మూతులు కుట్టే కుట్టే అది, దగ్గరదగ్గరగా, ప్రతి పోగూ రెండుసార్లు. దారం పంటితో తెంపి, పాస్‌పోర్ట్ అందులో పెట్టి, చొక్కా ఆయనకి అందించింది.

"ఇంటి పెద్దవి నువ్వు. నీది నీ దగ్గరే ఉండాలి" అంది.

ఆయన చొక్కా తొడుక్కుని, ఆ జేబు మీద ఒకసారి అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు.