ద్వారకానాథ్ గారి సంకల్పం

ద్వారకానాథ్ గారిని పూజకు పిలిస్తే దేవుడు వస్తాడో రాడో గానీ, ముక్కూ మొహం తెలియని వాళ్ల పేర్లు మాత్రం తప్పకుండా వస్తాయి. వారమంతా ఆయన మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీలో విద్యార్థుల బాగోగులు చూసే పెద్ద అధికారి, శనాదివారాలు పురోహితుడు. ఎవరింటి సంకల్పమైనా ఇంటివాళ్ల గోత్రనామాలతో ఆగిన పాపాన పోలేదు.

ఆ రోజు ఊరి శివార్లలోని పాయింట్ కుక్‌లో శ్రీదివ్య గృహప్రవేశం. పదిన్నరలోపు పాలు పొంగాలని ముహూర్తం పెట్టింది ఆయనే. పది ఇరవై అయినా గిన్నెలో పాలు చల్లగానే ఉన్నాయి. ఆయన తాపీగా మొగుడూ పెళ్లాలు జయంత్, శ్రీదివ్యల పేర్లు చదివారు. హమ్మయ్య అనుకుని శ్రీదివ్య స్టవ్ మీద చెయ్యి వేసింది.

"కౌండిన్యస గోత్రోద్భవస్య, ఉపేంద్ర నామధేయస్య..."

"ఉపేంద్ర ఎవరు?" అని జయంత్ భార్య చెవిలో గొణిగాడు.

"నన్నడుగుతావేం? మీ సైడ్ అనుకున్నా."

"కాశ్యపస గోత్రోద్భవస్య, లీయం నామధేయస్య..."

"అంకుల్! లీయం అంటే తెల్లవాళ్ల పేరు కదా, గోత్రమేంటి?"

"తెలియని వాళ్లకి కాశ్యపస చెప్పొచ్చమ్మా. పాపం, మంగళవారం సప్లిమెంటరీ రాస్తున్నాడు."

శ్రీదివ్యకు ఒళ్లు మండిపోయింది. ఇల్లు తనది, పుణ్యం మాత్రం ఊరందరికీ పంచడమా! "టైమ్ అయిపోతోంది అంకుల్! ముహూర్తం మిస్ అయితే మా అత్తయ్య వీడియో కాల్‌లోనే నన్ను నమిలేస్తుంది."

వెనక పేరంటాళ్లలోంచి కనకదుర్గ ఆంటీ నవ్వింది. "ఆయనతో పెట్టుకోకమ్మా. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం నాడు నేనూ ఇలాగే పోట్లాడా. ఎవరో శ్రీదివ్యట, భారద్వాజస గోత్రంట. మా వ్రతంలో ఈ పిల్లెవరండీ అంటే, 'ఫస్ట్ ఇయర్ పోయింది, ఇంటికెళ్లిపోతానంటోంది' అన్నారు."

స్టవ్ మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. భారద్వాజస ఆమె పుట్టింటి గోత్రం. ఫస్ట్ ఇయర్ తప్పిన ఆ ఏడాది తను యూనివర్సిటీలో ఆయన ఆఫీసులో కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తుంటే, టిష్యూలు ముందుకు తోసి ఆయన అడిగిన మొదటి మాట "గోత్రం ఏమిటమ్మా?" అని. ఈయనకు పిచ్చేమో అనుకుంది. ఆ తర్వాతే ఆయన పట్టుబట్టి ఇంకో సెమిస్టర్ గడువు ఇప్పించారు.

"ఇంకా ఎవరైనా ఉన్నారా అంకుల్?" అంది మెల్లగా.

"ఇద్దరున్నారమ్మా."

"కానివ్వండి."

"మరి ముహూర్తం?" జయంత్ లబలబలాడాడు.

"పదకొండున్నర దాకా ఉందయ్యా. నా సంగతి నాకు తెలీదూ? ఎప్పుడూ గంట తగ్గించే చెప్తా," అని ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నారు.

"ఒక్క నిమిషం అంకుల్, మా ఆఫీసులో చైత్రకి వీసా రాలేదు," అని శ్రీదివ్య ఫోన్ తీసింది. "హలో, చైత్రా? ఏడుపు తర్వాత. ముందు నీ గోత్రం చెప్పు."