కుందేలుతో చేయించిన ఉపవాసం

గుడ్ ఫ్రైడే పొద్దున్న ఖాళీ కడుపుతో తోటకూర కాడలు తుంచుతూ ఉంటే, వేళ్లకి అంటుకునే ఆ పచ్చి వాసనకి నా కాలు ఇప్పటికీ ఒకచోట నిలవదు. పొయ్యి దగ్గర నుంచి గుమ్మానికీ, గుమ్మం నుంచి పొయ్యి దగ్గరికీ ఊరికే తిరుగుతాను. మా ఆయన నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆయనకేం తెలుసు నా సంగతి.

రాజోలు దగ్గర మా ఇంటి వెనక, కొబ్బరి డొక్కల గుట్టకీ నూతి గట్టుకీ మధ్య, డాడీ పాత కిటికీ చెక్కలతో కట్టిన గూట్లో రెండు కుందేళ్లుండేవి. రెండూ ఆడవేనని నమ్మబలికి అంటగట్టాడు సంతలో మనిషి. తెల్లదానికి మైదా అనీ, గోధుమరంగు దానికి రాగి అనీ పేర్లు పెట్టాను. క్రిస్మస్ అరిసెల పాకం వాసన ఇల్లు వదలకముందే రాగి ఆరు పిల్లల్ని పెట్టింది. అవి కళ్లు తెరిచి, గెంతులు నేర్చి, పెరట్లో బచ్చలి తీగ మొదలంటా కొరికేసేసరికి మళ్లీ ఏడు. పెంచుకుంటామని పట్టుకెళ్లిన వాళ్ల ఇళ్లల్లోంచి ఆదివారం మసాలా వాసనొచ్చేది. నేను అన్నం ముందు కూర్చుని ఏడ్చేదాన్ని. ఇక మగదని తేలిన మైదాకి పిల్లలు పుట్టకుండా ఆపరేషనైనా చేయించాలి, లేదా రెంటినీ ఎవరికైనా ఇచ్చెయ్యాలి అని అమ్మ తేల్చేసింది.

పశువుల ఆస్పత్రి డాక్టరుగారు గిత్తలకీ దున్నలకీ చేసి చేసి చెయ్యి తిరిగినవారు. కుందేళ్లకి చేసింది తక్కువేనని నిజం చెప్పి, డాడీకి ఒక్క మాట మాత్రం మరీమరీ చెప్పారు. మనుషుల్లా దీన్ని పస్తుంచకూడదు, పొద్దున్న మేత పెట్టే తీసుకురావాలి. నేను పక్కనే నిలబడి విన్నాను. విని ఊరుకున్నానా? అవి ఈస్టరు ముందొచ్చే లెంటు రోజులు. మామ్మ, అంటే డాడీ వాళ్లమ్మ, ఆ నలభై రోజులూ మధ్యాహ్నం దాకా మంచినీళ్లయినా ముట్టేది కాదు. అంతకుముందేడు ఆవిడ కంటి ఆపరేషన్‌కి ఇంటిల్లిపాదీ ఉపవాస ప్రార్థన చేస్తే చూపు చక్కగా వచ్చింది. నా పదేళ్ల బుర్రకి డాక్టరుగారి మాట కన్నా అదే గట్టిగా తోచింది. ముందురోజు సాయంత్రం నుంచి కడుపులో బాలేదని చెప్పి నేను తినలేదు. గూట్లోంచి గడ్డీ, తోటకూరా, నీళ్ల చిప్పతో సహా తీసేసి మైదానీ తిననివ్వలేదు.

బల్ల మీద పెట్టే ముందు డాక్టరుగారు నావైపు తిరిగారు.

"మేత తిందా అమ్మా?"

"ఆయ్, తిందండి" అన్నాను.

ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రానికి ఏదో ఒకటి కొరకాలి, పెంటికలు వెయ్యాలి, రేపటికీ వెయ్యకపోతే ప్రాణానికే ముప్పు అని చెప్పి పంపారు. గాయానికి దుమ్ము అంటకుండా అట్టపెట్టెలో ఉతికిన చీర ముక్క పరిచి, మైదాని వసారాలో పెట్టాం. నెల దాటేదాకా రాగితో కలపొద్దన్నారు, అప్పటిదాకా పిల్లలు పుట్టే వీలుంటుందట. రాగి నేలకేసి కాళ్లు కొడుతూ గూడంతా తిరిగింది. నేను వసారా అంతా తిరిగాను. గరిక, కొత్తిమీర, మునగాకు, నా వంతు అరటిపండు, ఏది పెట్టినా మైదా మూతి తిప్పేసుకుంది. తొక్కుడుబిళ్ల ఆడదాం రమ్మని పిల్లలు పిలిస్తే వెళ్లి, రెండు గళ్లు గెంతి, మళ్లీ పరిగెత్తుకొచ్చి గుడ్డ ఎత్తి చూశాను. ఒక్క పెంటిక లేదు. మర్నాడు పొద్దున్నా లేదు. దాన్ని నేనే చంపేస్తున్నాననిపించింది.

మామ్మ బైబిలు మూసి కళ్లజోడు తీస్తుంటే, ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి జరిగిందంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"నువ్వు పస్తుంటే అది ప్రార్థనే అమ్మా. దాన్ని పస్తుంచేవు చూడు, అది ప్రార్థన కాదే" అంది.

తర్వాత డాడీకి కూడా నాచేతే చెప్పించింది. డాడీ డాక్టరుగారికి ఫోను కలిపి నా చేతికే ఇచ్చారు. ఆయన కోప్పడకుండా నిట్టూర్చారు, నాకు అదే ఎక్కువ బాధనిపించింది. తోటకూర మెత్తగా నూరి, నీళ్లు కలిపి, సూది లేని సిరంజితో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టమన్నారు.

కుందేలుని ముట్టుకుంటే నాచేత రెండుసార్లు చేతులు కడిగించే మామ్మ, తనే రోట్లో తోటకూర నూరి, తెల్లచీర ఒళ్లో మైదాని పెట్టుకుని కూర్చుంది. చుక్క చుక్కా నేను పట్టాను. చీరంతా పచ్చ మరకలు. మామ్మ ఉపవాసం విడిచే వేళ దాటిపోయింది, అమ్మ రెండుసార్లు పిలిచింది, ఆవిడ లేవలేదు. ఎండ నూతి గట్టు దాటేక ఆ ఒళ్లో మిరియమంత నల్లటిది ఒకటి రాలింది, దాని వెనకే ఇంకో రెండు. మామ్మ వాటిని ఏరి అరచేతిలో పెట్టుకుని వెలుతురుకి పట్టి చూసింది. "దేవునికి స్తోత్రం" అంది. నేను భోరుమన్నాను.

మైదా ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. మామ్మ పోయింది. రోలు ఎవరు పట్టుకెళ్లారో తెలీదు, గూడున్న చోట ఇప్పుడు డాడీ బండికి షెడ్డు వేశారు. గుడ్ ఫ్రైడే నాడు నేను పస్తుంటాను గాని, మా పాపకి తోటకూర పప్పూ అన్నం పెట్టనిదే చర్చికి కదలను. బయల్దేరే ముందు గుమ్మంలోంచి "తిన్నావా?" అని అడుగుతాను. "ఆయ్" అంటుంది, నా దగ్గర నేర్చిన మాటే. చెప్పులు విడిచి లోపలికెళ్లి కంచం చూసి వస్తాను.