ఊరు చెబితే గులాబీ

మధ్యాహ్నం షెడ్డులో పనివాళ్ళు క్యారేజీలు విప్పారు. ఎవరి గిన్నెలోంచో గోంగూర పులుపు వాసన వచ్చింది. చేతిలో ఉన్న మందార మొక్క కింద పెట్టేశాను. ఆ వాసన తగిలితే చాలు, కడియంలో ఈ నర్సరీని పెంచి పెద్దచేసిన తాయారుగారు గుర్తొస్తారు. ఆవిడ నన్ను నిర్ఘాంతపరిచిన రోజు కూడా గుర్తొస్తుంది.

ముందు నా మొహం గురించి చెప్పాలి. చిన్న కళ్ళు, చప్పిడి ముక్కు, వెడల్పాటి బుగ్గలు. మా అమ్మమ్మది బర్మాలో రంగూన్. తాతయ్య అక్కడి రేవులో పనిచేస్తూ ఆవిడను పెళ్ళాడాడు. మనవాళ్ళను అక్కణ్ణించి వెళ్ళగొట్టినప్పుడు ధవళేశ్వరం తీసుకొచ్చి మహాలక్ష్మి అని పేరు మార్చాడు. ఆవిడ పోలిక మా అమ్మను వదిలేసి నాకొచ్చింది. పనిలో చేరిన రోజున ఈ సంగతంతా చెబితే తాయారుగారు "ఓహో" అని ఊరుకున్నారు. మొక్కల కోసం వచ్చినవాళ్ళు మాత్రం ముందు నన్ను చూసేవారు, తరవాతే మొక్కల్ని.

తాయారుగారు దాన్ని పందెం చేసేశారు. "మా అమ్మాయిది ఏ ఊరో మొహం చూసి చెప్పండి. చెబితే గులాబీ మొక్క ఊరికే ఇస్తాను" అనేవారు. నేపాల్ అనేవారు, మణిపూర్ అనేవారు, చైనా, జపాన్ కూడా అయ్యాయి. "మాది ధవళేశ్వరం అండి" అని నేననగానే తెల్లమొహాలు వేసేవారు. ఒక్క గులాబీ కూడా పోలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఓ రోజు అడిగేశాను.

"నన్ను అలా బొమ్మలా నిలబెడతారేంటండి?"

"వాళ్ళు ఎలాగూ మనసులో అనుకుంటారే. పైకే అననీ. తప్పని తెలుసుకుని పోతారు" అన్నారు, మట్టి కలుపుతూనే.

ఆవిడకేం, చామనఛాయ, కోలమొహం, ముక్కుకి రెండువైపులా పుడకలు. ఆవిణ్ణి ఎవరడుగుతారు అనుకుని మూతి ముడుచుకున్నాను.

కొన్నాళ్ళకు అమ్మమ్మకు మతిమరుపు ముదిరి తెలుగు పూర్తిగా పోయింది. ఎప్పుడో వదిలేసిన భాష తిరిగొచ్చింది. తాతయ్య లేడు. ఇక్కడికొచ్చాక పుట్టిన అమ్మకు ఆ భాష ఎవరూ నేర్పలేదు. అన్నం పెడితే కంచం తోసేసి "చిన్‌బౌన్, చిన్‌బౌన్" అని ఏడ్చేది. అది ఎవరి పేరో అనుకున్నాం. అక్కడ వదిలేసిన బిడ్డేమోనని అమ్మ లోలోపల కుమిలిపోయింది. అమ్మమ్మ చిక్కి శల్యమైంది. ఇలా తినకపోతే ఇంక కష్టమని డాక్టరుగారు చెప్పేశారు.

ఆ సంగతి తెలిసి తాయారుగారు అరటిపళ్ళు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మంచం పక్కన కూర్చోగానే అమ్మమ్మ మళ్ళీ అదే మాట అంది. తాయారుగారు అరటిపళ్ళు పక్కన పెట్టేశారు. తరవాత వంగి, అమ్మమ్మ చెవి దగ్గర ఏదో అన్నారు. అది తెలుగు కాదు. అమ్మమ్మ కళ్ళు విప్పార్చి గబగబా మాట్లాడింది. ఈవిడా అంతే గబగబా బదులిచ్చారు. అమ్మ గోడకానుకుని కూలబడింది.

"గోంగూర అడుగుతోందే" అన్నారు నావైపు తిరిగి. "పెరట్లో ఉందిగా, కోసుకురా."

పులుపు మంచిది కాదని మేమే మాన్పించాం. ఆ పూట అమ్మమ్మ కంచంలో మెతుకు మిగల్చలేదు.

గుమ్మం దగ్గర పట్టుకుని అడిగాను. "మీకు బర్మా భాష ఎలా వచ్చండి?"

"అక్కడే పుట్టాను. చిన్నప్పుడు ఓడెక్కించి పంపేశారు. అక్కడ నా మొహం చూసి ఇండియా పొమ్మన్నారు. ఇక్కడ బళ్ళో నా మాట విని బర్మా పొమ్మన్నారు. మొహం మార్చుకోలేం కదే. మాట మార్చుకున్నాను."

ఇన్నేళ్ళు పక్కపక్కనే మట్టి పిసికాం. అందరూ నన్నే అడిగారు, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, నేను కూడా. ఆ దిగ్భ్రమ నాకింకా పూర్తిగా వదల్లేదు. ఆ రోజు నుంచి అమ్మమ్మ పోయేదాకా ఆవిడ ఆదివారాలు మా ఇంటికొచ్చేవారు. ఇద్దరూ తలుపు దగ్గరికి వేసుకుని నవ్వుకునేవారు.

ఇప్పుడు తాయారుగారూ లేరు, నర్సరీ నేనే చూసుకుంటున్నాను. ఆవిడ ఫొటో నా కుర్చీ వెనక గోడకుంది. పందెం నేను మానలేదు, కాస్త మార్చానంతే. నిన్న ఒకాయన బేరం మధ్యలో నన్ను ఎగాదిగా చూసి "మీది నేపాలా అండి?" అన్నాడు.

"నా సంగతి తరవాత. ముందు ఆవిడది ఏ ఊరో మొహం చూసి చెప్పండి. చెబితే గులాబీ ఊరికే ఇస్తాను."

ఆయన ఫొటోవైపు చూసి నవ్వేశాడు. "ఇందులో చెప్పడానికేముందండి? మన గోదావరి ఆవిడే."

"సరిగ్గా చెప్పారండి" అని గులాబీ మొక్క ఆయన చేతిలో పెట్టాను.