తొట్టె చివరి వల

చీపురుపల్లి దాటాక రోడ్డు పక్కనున్న మా ఇంజినీరింగ్ కాలేజీలో కృపానిధి ల్యాబ్ టెక్నీషియన్. నేను లైబ్రరీ చూస్తాను. మా గదుల మధ్య ఒకటే గోడ. అవతల నీళ్ళు కదిలే చప్పుడు వింటూ ఇరవై ఏళ్ళు పుస్తకాలు చదువుకున్నాను.

ఆ చప్పుడు అలల తొట్టెది. పన్నెండు మీటర్ల పొడవు, గాజు గోడలు. ఒక చివర మోటారు తోసే పలక అలలు పుట్టిస్తుంది. మధ్యలో ఒక ప్లాస్టిక్ గొట్టం నిలబెడతారు. సముద్రంలో చమురు తీసే కట్టడాల కాళ్ళకి అది నమూనా. ఇక్కడ అల ఎత్తు కొలిచి, అక్కడ కాలు ఎంత లావుండాలో లెక్క కడతారు. రెండో చివర మాత్రం చూడ్డానికి బాగుండదు. కృపానిధి అక్కడ ఏటవాలుగా చెక్క వేసి, దాని మీద భావనపాడు రేవు నుంచి తెచ్చిన పాత వలలు కుప్పగా పరిచాడు.

"సముద్రానికి గోడుంటాదేటి సార్? ఒడ్డుంటాది. అల ఒడ్డెక్కి సచ్చిపోవాల. గోడకి కొట్టుకుంటే తిరిగొచ్చేస్తాది. ఇంక ఏది వచ్చిన అలో, ఏది తిరిగొచ్చిన అలో ఎవుడికి తెలుస్తాది?" అన్నాడొకసారి.

వాళ్ళ నాన్న నౌపడ ఉప్పుమడుల్లో కూలీ. నీటిని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో కృపానిధి చిన్నప్పుడే చూశాడు. ఐటీఐ చదివి, మిషన్ చర్చి పాస్టరుగారి మాట సాయంతో ఇక్కడ చేరాడు. ఇన్నేళ్ళలో ఒక్క ప్రమోషను లేదు. దాని గురించి గొణగడం నేను వినలేదు. తొట్టె గురించి మాత్రం రోజూ గొణిగేవాడు.

నిరంతర మూల్యాంకనం వచ్చాక అది ఎక్కువైంది. రెండు వారాలకో ప్రయోగం, ఒక్కోదానికి ఐదు మార్కులు, శుక్రవారం సాయంత్రం ఐదింటికి మార్కుల పోర్టల్ మూత. నలభైకి పదహారు రాకపోతే పెద్ద పరీక్షకి కూర్చోనివ్వరు. ఒకసారి అలలు పుట్టించాక నీరు నిమ్మళించడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అరవై మందికి అంత తీరిక ఎక్కడిది? సీనియర్ల రికార్డు చూసి అంకెలు ఎక్కించేసేవారు.

కిందటేడు తనిఖీ కమిటీ వస్తోందన్నారు. తల్లి ఎలీసమ్మ కంటి ఆపరేషన్‌కని కృపానిధి సెలవులో ఉన్నాడు. విభాగాధిపతి గిరిబాబు ల్యాబ్‌లోకి వచ్చి, "ఇది ల్యాబా, చేపల సంతా?" అని మంగళవారం నాడు వలా చెక్కా తీయించేశారు. మర్నాడు ఆఖరి ప్రయోగం జరిగిపోయింది. తొట్టెలో మూడు చోట్ల అల ఎత్తు కొలవాలి. మాన్యువల్‌లో మూడు చోట్లా ఐదు సెంటీమీటర్లే.

శుక్రవారం పొద్దున్న కృపానిధి వచ్చేసరికి పద్మకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. పడవల వాళ్ళ పిల్ల. టైఫాయిడ్ వచ్చి మూడు ప్రయోగాలు పోయాయి, ఈ ఆఖరిదానికి ముందు చేతిలో పదమూడు మార్కులున్నాయి. దీంట్లో మూడు రావాలి.

"బాబాయ్, నాను సూసిందే రాసినాను. ఏడు, రెండు, ఆరు. గిరిబాబు సారు ఒక్క మార్కేసినారు."

"మద్దిలో రెండేటే?" అంటూ కృపానిధి తొట్టె చివరికి నడిచాడు. నున్నటి గాజు కనిపించింది. "వలేదీ?"

"మొన్న తీసీసినారు కదా."

"నీ కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. తొట్టికే ఒడ్డు నేదు."

చెక్క గది వెనకే దొరికింది. వల హాస్టల్ మెస్ పెరట్లో, వంగమొక్కల చుట్టూ కంచె అయి ఉంది. వంట చేసే తవిటమ్మ అడ్డం పడింది.

"నా వంకాయలు మేకలు మేసేస్తే పిల్లలకి నీ అలలు వండి పెట్టమంతావేటి?"

"సాయంత్రం దాకా నువ్వే కాపలా కాయి పిన్నీ. నీకు ఐదుకి ఐదేస్తాను."

"మండినట్టే ఉన్నాయి నీ మార్కులు!" అంటూనే ముడులు విప్పింది.

వల పరిచి, నీరు నిలిచేదాకా ఆగి, మూడుసార్లు కొలిచారు. ఐదు, ఐదు, ఐదుకి ఒక గీత తక్కువ. అప్పటికి నాలుగు దాటింది. గిరిబాబు మూల్యాంకనం మీద మీటింగులో ఉన్నారు. ఐదుకి పది నిమిషాలుండగా బయటికొచ్చారు.

"సార్, ఒక్కపాలి వచ్చి సూడండి. పిల్ల రాసింది తప్పు కాదు."

"తప్పని నేనన్నానా? మాన్యువల్‌తో కలవలేదన్నాను."

"వల నేకపోతే ఎలా కలుస్తాది సార్? మిగతా యాభైతొమ్మిది మందికీ ఐదెలాగొచ్చింది? అదడగండి."

గిరిబాబు గడియారం చూసుకున్నారు.

"అది కదిపితే అరవై మంది చేతా మళ్ళీ చేయించాలి. పది నిమిషాల్లో అవుతుందా? నన్నూ పైన అడుగుతారయ్యా."

"మరి పిల్ల సార్?"

"వచ్చే ఏడు రాసుకుంటుంది."

ఐదయింది. పద్నాలుగు పద్నాలుగుగానే ఉండిపోయింది. కృపానిధి లైబ్రరీలోకి వచ్చి కూలబడ్డాడు. "సూడకుండా రాసినోళ్ళు పరీక్షకి ఎల్తారు సార్. సూసింది ఇంటికెల్తాది," అన్నాడు. నేను లేచి మంచినీళ్ళిచ్చాను.

సోమవారం కమిటీ వచ్చేలోగా వల తీసెయ్యమని గిరిబాబు చెప్పి వెళ్ళారు. కృపానిధి తియ్యలేదు.

"ఇదేమిటి?" అని కమిటీలో పెద్దాయన అడిగారు.

"ఒడ్డు సార్."

ఆయన తలూపి మార్కుల రిజిస్టర్ల గదికి వెళ్ళారు. అక్కడ గంటన్నర కూర్చున్నారు. తొట్టె దగ్గర అర నిమిషం. మర్నాడు మాట వినలేదని కృపానిధికి మెమో వచ్చింది.

ఈ ఏడు పద్మకుమారి మళ్ళీ అదే సెమిస్టరు చదువుతోంది. పాత వల తవిటమ్మ పట్టుకుపోతే, తమ పడవలోది తెచ్చి ఇచ్చింది. మొన్న శుక్రవారం మళ్ళీ అదే ప్రయోగం వచ్చింది. గోడ అవతల నుంచి పిల్లల కేకలు వినిపించాయి. "కానియ్యే తల్లీ, పోర్టల్ మూసీస్తారు!"

"నీరింకా ఆడతన్నాది. ఆగండి," అంది పద్మకుమారి.

"ఆగుతన్నాం, ఆగుతన్నాం," అన్నాడు కృపానిధి. మోటారు చప్పుడు చాలాసేపు వినిపించలేదు.