కార్జానికి పదిహేను రోజులు

మాత్ర వేసుకునే ముందు బాలమణి రెండుసార్లు చేతులు కడుక్కుంటుంది. మొదట చింతపండు పిప్పితో, తర్వాత సబ్బుతో. పాతికేళ్లుగా బీడీలు చుట్టిన చేతులు. ఎంత కడిగినా తంబాకు వాసన పూర్తిగా పోదు. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, చాలనుకున్నాకే మాత్ర తీస్తుంది.

ఆమెది కోరుట్ల. భర్త హెచ్‌ఐవీతో చనిపోయాక పరీక్ష చేస్తే ఆమెకూ ఉందని తేలింది. 2011 సెప్టెంబరులో కరీంనగర్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు మొదలుపెట్టారు. నెవిరపిన్ అనే మందు ఉన్న మాత్రను మొదటి రెండు వారాలు పొద్దున మాత్రమే వేసుకోమన్నారు. ఎందుకని అడిగితే అక్కడి కౌన్సెలర్ సుమలత కాలేయం సంగతి చెప్పింది.

"కార్జానికి గీ మందు కొత్త అక్కా. దాన్ని అరగదీసి బయటికి పంపుడు మెల్లగ నేర్సుకుంటది. నేర్సినంక జల్ది పంపిస్తది. అప్పుడు ఒక్కటి సరిపోదు, పొద్దుమాపు రెండు కావాలె."

"కొత్తగ బీడీలు చుట్టేటోళ్ల చెయ్యి లెక్కన్నట్టు," అంది బాలమణి. "మొదట్ల రెండు నూర్లు, నేర్సినంక ఏడు నూర్లు."

"గంతే. నడుమ దద్దులు లేస్తే మాత్రం రెండు వేసుకోవద్దు. నాకు చూపియ్యాలె."

సమ్మె రాబోతోందని నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి, పదిహేనో రోజు రమ్మన్నారు.

పన్నెండో రోజు చేతుల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. అప్పటికే సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. ఆడబిడ్డ జమున చూసి, "తంబాకు పడ్డది వదినా, కొబ్బరినూనె రాయి. మాత్రలు ఇంట్లనే ఉన్నయి గద, పదిహేనో దినం రాంగనే రెండేసి వేసుకో. బస్సుల్లేంగ యాడికి పోతవ్?" అంది.

ఆ మాట బాలమణికి నచ్చింది. దద్దుర్లు చూస్తే మందు ఆపేస్తారేమో, ఆపితే తానూ భర్తలాగే పోతానేమోనని ఆమె భయం. కానీ మర్నాడు స్నానం చేస్తుంటే వీపు మీద కూడా చేతికి తగిలాయి. తంబాకు పొడి ముంజేతుల మీద పడుతుంది, చాట పెట్టుకునే ఒడిలో పడుతుంది. రవిక కిందికి, వీపు మీదికి ఇన్నేళ్లలో ఎప్పుడూ పోలేదు.

పదిహేనో రోజు, తమ్ముడి వరసైన సామేలు ఆటోలో బయలుదేరింది. జగిత్యాల దగ్గర రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. ఆటో ఆపారు.

"దవాఖానకా చెల్లె? బువ్వ తిని పో," అన్నాడు గరిటె పట్టుకున్న పెద్దాయన. "తినకుంట పోయినోళ్లకు తెలంగాణ అచ్చినంక జాగ ఇయ్యం."

"పప్పుల ఉప్పు లేదే అన్నా."

"ఉప్పు గుడ సమ్మెల ఉన్నది."

కరీంనగర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సుమలత అడగకముందే బాలమణి చేతులు చాపింది.

"వీపు మీద గుడ ఉన్నయి. ఇది తంబాకు కాదు. మందు బంజేస్తరా?"

డాక్టరమ్మ కళ్లు, నోరు చూసింది. పుండ్లు లేవు, జ్వరం లేదు. కాలేయం పరీక్షలోనూ తేడా కనిపించలేదు. "ఆపం," అంది. "రెండు వేసుకుంటే ఇవి ముదిరేవి. తగ్గేదాకా ఒక్కటే. తగ్గకపోతే వేరే మందుంది."

"నా కార్జం జర మొద్దుదే," అంది బాలమణి, బయటికొచ్చాక.

"నేర్సుకోనియ్యి అక్కా," అంది సుమలత.

మరో వారానికి దద్దుర్లు మానాయి. రెండో మాత్ర అప్పుడు మొదలైంది. తర్వాతి ఏళ్లలో మందే మారింది. ఇప్పుడు బాలమణి రోజుకు ఒక మాత్ర వేసుకుంటుంది, ఏడు వందల బీడీలు చుడుతుంది.