తాడుకు వెనక కొసన

షెడ్డు చుట్టుపక్కల అందరూ ఆవిడను టాపు వదిన అంటారు. పాత జీపులకు కాన్వాసు టాపులు కుట్టడం ఆవిడ పని. మొగుడు మెకానిక్కు. ఎక్కడో మూలన పడి తుప్పు పట్టిన జీపును వెతికి పట్టుకుని, విప్పి, కడిగి, అతుకులు వేసి మళ్ళీ రోడ్డెక్కించడం అతని పిచ్చి. ఆ పిచ్చిలో సగం బరువు ఆవిడ మీదే పడింది. చచ్చిన జీపును షెడ్డుకు చేర్చాలంటే ఇద్దరు కావాలి మరి. లాగే బండిలో ఒకరు, తాడుకు వెనక బండిలో ఒకరు.

వెనక కూర్చోవడమంటే ఊరికే కూర్చోవడం కాదు. ముందు బండి నెమ్మదించగానే తాడు వదులై, వెనక బండి దాని మీదికి పోతుంది. అందుకే ఆపే పని ఎప్పుడూ వెనకవాళ్ళదే. తాడు బిగువు తగ్గకుండా పెడలు మీద కాలు ఆనించి రెండు బళ్ళకూ కలిపి బ్రేకు వెయ్యాలి. ఇరవై రెండేళ్ళుగా వదిన ఆ పని చేస్తోంది. ఇరవై రెండేళ్ళుగా ఏ ఒక్కసారీ ప్రాణం గుప్పిట్లో పెట్టుకోకుండా కూర్చోలేదు. ముందు రోజు తిండి సయించదు, నిద్ర పట్టదు. ఆ సంగతి మొగుడికి మాత్రం చెప్పలేదు. చెబితే మరొకణ్ణి కూర్చోబెడతాడు. ఆ మరొకడు తాడును గమనించకుండా ఫోను చూసుకుంటూ కూర్చుంటే బండి వచ్చేది ఎవరి వీపు మీదికి? తన ప్రాణం మీద భయం ఒక ఎత్తు, ఇది ఇంకో ఎత్తు.

ఆ రోజు జీపు దొరికింది కొండ మీద, మూతపడ్డ రాతి క్వారీలో. పదకొండేళ్ళుగా రేకుల కింద నిలబడి ఉంది. ఇంజను బిగుసుకుపోయింది. మెకానిక్కు చక్రాలకు గాలి కొట్టాడు, బ్రేకు సిలిండర్లలో రబ్బర్లు మార్చాడు, కొత్త బ్రేకు ఆయిలు పోశాడు. వదిన పెడలు తొక్కి చూసింది. గట్టిగానే ఉంది.

తరవాత ఎప్పటిలాగే ఇద్దరూ కిందికి దూరి షాఫ్టులు విప్పారు. గేర్ బాక్సు తిరుగుడును చక్రాలకు అందించే ఇనప గొట్టాలవి, ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి. అవి ఉంచి లాగితే చక్రాలే గేర్ బాక్సును తిప్పుతాయి. ఇంజను నడవదు కాబట్టి లోపలి పళ్ళకు ఆయిలు సరిగా అందక అరిగిపోతాయి. "ఎవరెవరో న్యూట్రల్లో పెట్టి ఈడ్చుకుపోతారు. మనం షాఫ్టు విప్పందే అడుగు కదలం," అని మెకానిక్కుకు మహా గొప్ప. వదిన రెంటినీ గోనెపట్టలో చుట్టి సీటు వెనక పడుకోబెట్టింది.

"నువ్వా అమ్మా వెనక కూర్చునేది?" అన్నాడు క్వారీకి కాపలా ఉండే తాత.

"పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస తాతా. ఆయన ఎటు లాగితే అటు."

"నమ్మకు తాతా," అన్నాడు మెకానిక్కు, ముడి బిగిస్తూ. "బ్రేకు ఆవిడ కాలి కింద ఉంటుంది. నాది ఉత్త హడావుడి."

తాత నవ్వలేదు. "నాలుగో మలుపులో పిట్టగోడ లేదు. వానలకు పడిపోయింది. చూసుకోండి," అన్నాడు.

మొదటి మలుపు దాటారు. రెండోదీ దాటారు. వదిన వీపు చెమటకు సీటుకి అంటుకుపోయింది కానీ పెడలు చెప్పిన మాట వింటోంది. మూడో మలుపు దాటి వాలులోకి దిగగానే పెడలు మెత్తబడింది. మళ్ళీ తొక్కింది. బురదలో కాలు వేసినట్టు అడుగు దాకా దిగిపోయింది. మార్చకుండా వదిలేసిన పాత బ్రేకు రబ్బరు గొట్టం ఒకటి పగిలి ఆయిలంతా రోడ్డు పాలవుతోందని అప్పటికి తెలియదు. కళ్ళ ముందు కనబడుతున్నది ఒక్కటే, తాడు వదులవుతోంది.

చెయ్యి దానంతట అదే హ్యాండ్ బ్రేకు మీదికి పోయింది. బలమంతా పెట్టి లాగింది. కర్రు కర్రుమంటూ పైదాకా వచ్చింది. బండి మాత్రం ఖాతరు చెయ్యలేదు.

వెనక గోనెపట్టలో షాఫ్టులు ఒకదానికొకటి తగిలి ఖంగుమన్నాయి. అప్పుడు వెలిగింది వదినకు. ఆ పాత జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టుకోదు, గేర్ బాక్సు చివర ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. డ్రమ్ముకూ చక్రాలకూ ఉన్న సంబంధమల్లా ఆ వెనక షాఫ్టే. దాన్ని చేతులారా విప్పి పసిపిల్లను చుట్టినట్టు చుట్టి పెట్టుకున్నారు. ఇన్నేళ్ళూ లాగింది చదును రోడ్ల మీద. గేర్ బాక్సు మీది ప్రేమలో ఇద్దరికీ ఇది తట్టనే లేదు.

"ఏమయ్యా! ఏమయ్యోయ్!"

బ్యాటరీ లేని బండికి హారనెక్కడిది. ముందు ఇంజను మోతలో ఆవిడ కేక ఆవిడకే వినబడలేదు. కొండవైపు తిప్పేస్తే? తాడు అడ్డంగా గుంజుతుంది, అతని బండి అంచుకు పోతుంది. తిప్పకపోతే అతన్నే గుద్దాలి. ఇప్పుడైతే ఇంకా వేగం అందుకోలేదు. మలుపు దాకా పోనిస్తే ఆ దెబ్బకు ఇద్దరూ లోయలోనే. ఏది జరక్కూడదని ఇన్నేళ్ళూ కాలు తిమ్మిరెక్కేలా పెడలు తొక్కిందో, అదే ఇప్పుడు కళ్ళు తెరుచుకుని చెయ్యాలి. స్టీరింగును రెండు చేతులతో బిగించి పట్టుకుని, సూటిగా అతని వీపుకేసి పోనిచ్చింది.

ఠప్పుమంది.

మరొకడైతే అదిరిపడి బండిని ముందుకు ఉరికించేవాడు. మెకానిక్కు ఉరికించలేదు. రెండు బళ్ళ బరువునూ వీపున మోస్తున్నట్టు మెల్లమెల్లగా బ్రేకు అదిమాడు. మాడు వాసన కమ్ముకుంది. నాలుగో మలుపు ఇంకా పది గజాలుందనగా రెండూ ఆగాయి.

అతను దూకి మొదట రెండు బళ్ళ చక్రాలకూ రాళ్ళు అడ్డం పెట్టాడు. ఆ తరవాతే ఆవిడ దగ్గరికొచ్చాడు.

"కాలు జారిందా?"

"బ్రేకు పోయింది."

"మరి హ్యాండ్ బ్రే..." అని అక్కడే ఆగిపోయాడు. గోనెపట్ట వంక చూశాడు. ఎండలో కాలుతున్న రోడ్డు మీద అలాగే కూలబడ్డాడు.

"నాకు భయమయ్యా," అంది వదిన. "ఇవాళ్టిది కాదు. మొదట్నుంచీ."

"ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"చెబితే ఇంకెవణ్ణో కూర్చోబెడతావు. వాడు నిన్ను గుద్ది చంపుతాడు."

"ఇప్పుడు నువ్వు గుద్దలేదూ?"

"నేను మెల్లగా గుద్దాను."

నవ్వబోయారు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. వెనక షాఫ్టు మళ్ళీ బిగించారు. నాలుగు బోల్టులకు అరగంట పట్టింది, అతని చేతిలోంచి స్పానరు జారిపోతూనే ఉంది మరి. హ్యాండ్ బ్రేకు లాగి ఇద్దరూ భుజాలు పెట్టి తోశారు. బండి కదల్లేదు.

"ముందు బండి నువ్వు తీసుకో," అన్నాడు మెకానిక్కు. "వెనక నేను కూర్చుంటా."

బరువు దిగినట్టయింది వదినకు. నాలుగు చక్రాలకూ ఇంజను పట్టు అందేలా ఫోర్ వీల్ వేసి, లో గేర్లో, నడిచే మనిషి కంటే నిదానంగా దిగసాగింది. గోడ లేని మలుపులోకి తిరుగుతూ పక్కనున్న అద్దంలోకి చూసింది. అరచేతంత, మొగుడి మొహం. రక్తం లేదు అందులో. ఆ మొహం తన వెనకే వస్తోంది, తను ఎటు తిప్పితే అటు. దాన్ని ఆపడానికి తన కాలి కింద ఏమీ లేదు. వెనక కూర్చున్నప్పుడు కనీసం తొక్కడానికి ఒక పెడలుండేది. ముందు బండిలో చూడటం తప్ప ఇంకేం లేదని అప్పుడు తెలిసింది ఆవిడకు.

"కాస్త తొందరగా పోవే!" వెనక నుంచి మొగుడి కేక.

"నోరు మూసుకుని తాడు చూడు!"

కొండ కిందికి దిగి, చదునులో ఆపి, పరుగున వెనక్కి వెళ్ళింది. అతని వేళ్ళు హ్యాండ్ బ్రేకు మీద బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీసింది.

"ఇక్కణ్ణుంచి వెనక ఎవరు?" అన్నాడతను.

"ఎవరూ కూర్చోరు. లారీని పిలువు. దాని మీదికెక్కించి తీసుకుపోదాం."

ఎదురు చెప్పకుండా ఫోను తీశాడు. వదిన తాడు విప్పబోయింది. లాగుళ్ళకు ముడి రాయిలా బిగుసుకుపోయింది. ఫోను జేబులో పెట్టి అతనూ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. లారీ వచ్చేదాకా ఇద్దరూ ఆ ముడితోనే పెనుగులాడుతూ ఉన్నారు.